మాన్సా మూసా ఆస్తి ఎంతని రాయాలి? – పశ్చిమ ఆఫ్రికా చరిత్రపై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. పశ్చిమ ఆఫ్రికా చరిత్రను, సంస్కృతిని పిల్లలు ఇంటర్నెట్‌లో వెతుక్కునేటప్పుడు పెద్దలు ఎలా తోడ్పడాలన్నది ఈ రోజు విషయం. చరిత్ర అధ్యాపకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మేడమ్ మనతో ఉన్నారు. మొదటి ఫోన్ సిద్దిపేట నుంచి.

శ్రోత (సిద్దిపేట): నమస్కారం మేడమ్. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆఫ్రికా సంస్కృతి మీద ప్రాజెక్టు ఇస్తే, తరగతి మొత్తం అవే నాలుగు పేరాలు రాసుకొచ్చింది.

నిపుణురాలు: అది పిల్లల తప్పు కాదండీ, మనం ఇచ్చిన ప్రశ్న అలాంటిది. ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాల ఖండం. ఈ మాట ఈ రోజు చాలాసార్లు చెబుతాను, విసుక్కోకండి. ఖండం పేరు కొట్టి వెతికితే ఎవరికైనా ఆ నాలుగు పేరాలే వస్తాయి. దానికి బదులు, మాలి దేశంలోని జెన్నే పట్టణంలో మట్టి మసీదుకు ఏటా పూత ఎందుకు వేస్తారని అడగండి. గోడల్లోంచి పొడుచుకొచ్చిన కట్టెలు మన తాటికి దగ్గరి బంధువైన చెట్టువని, పూత వేసే రోజున మేస్త్రీలు వాటినే మెట్లుగా చేసుకుని పైకెక్కుతారని, మట్టిలో వడ్ల ఊక కలిపి నానబెడతారని పిల్లలు తెలుసుకుంటారు. మట్టి గోడకు పూత పూయడం చూసిన పిల్లవాడికి ఆ పని వెంటనే అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త చెప్పండి. చాలాచోట్ల ఆ ఫొటో కింద 13వ శతాబ్దపు మసీదు అని రాసి ఉంటుంది. ఆ స్థలంలో తొలి మసీదు అప్పటిదే కావచ్చు గానీ, ఫొటోలో కనిపించే కట్టడం 1907లో పూర్తయింది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాత గుంటూరు నుంచి.

శ్రోత (గుంటూరు): అమ్మా, నమస్కారం. మా అమ్మాయీ అల్లుడూ కాలిఫోర్నియాలో ఉంటారు. మనవరాలు ఏడో తరగతి. వాళ్లకు ఆ తరగతిలోనే మధ్యయుగాల ఘనా, మాలి రాజ్యాల పాఠం ఉంది. వీడియో కాల్‌లో తను చదువుతుంటే నేనూ కూర్చుని వింటాను. నేను బ్యాంకులో క్యాషియర్‌గా పనిచేశాను, బంగారు నగల తాకట్టు నా చేతి మీదుగానే జరిగేది, అందుకని బంగారం మాట వస్తే నాకు ఆసక్తి. మాలిని ఏలిన మాన్సా మూసా అనే రాజు ఆస్తి నలభై వేల కోట్ల డాలర్లని, ఆయన మక్కా వెళుతూ ఈజిప్టులోని కైరోలో బంగారం పంచితే ఆ దేశమే దివాళా తీసిందని తను ఎక్కడో చదివింది. ఆ అంకెను రూపాయల్లోకి మార్చి పక్కన రాయమని చెప్పాను. ఎంత వేయమంటారు?

నిపుణురాలు: అన్నయ్యగారూ, ఆ అంకె వేయనే వద్దు. ఏడు వందల ఏళ్ల నాటి రాజు ఖజానాకు లెక్కల పుస్తకం దొరకలేదు. ఈ కాలం వాళ్లు ఊహించి కట్టిన అంకెను ఒకరిని చూసి ఒకరు ఎత్తి రాసుకుంటూ పోయారు. ఏ మాట దొరికినా మూడు ప్రశ్నలు అడగమనండి. ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకు ఎలా తెలిసింది? మూసా మక్కా యాత్ర 1324లో జరిగింది. మన ఓరుగల్లు కోట దిల్లీ సైన్యానికి చిక్కిన 1323కు మరుసటి ఏడన్నమాట. ఆ తరువాత సుమారు పన్నెండేళ్లకు అల్ ఉమరీ అనే రచయిత కైరోలో నలుగురినీ అడిగి తెలుసుకుని రాశాడు. మిత్కాల్ బంగారం అంతకుముందు 25 దిర్హమ్‌లకు, అంటే వెండి నాణేలకు, తగ్గేది కాదట, మూసా వచ్చి వెళ్లాక 22కు మించడం లేదట. మిత్కాల్ అంటే సుమారు నాలుగుంపావు గ్రాములు. తాకట్టు బంగారం తూచినవారు కాబట్టి మీరే చెప్పండి, 25 నుంచి 22కు పడితే అది దివాళానా?

శ్రోత: కాదమ్మా. ధర పడింది, అంతే. నూటికి పన్నెండు.

నిపుణురాలు: ఆ లెక్కే పాపకు చెప్పండి. కోట్ల అంకె కంటే దానికే ఎక్కువ విలువ.

శ్రోత: చెబుతానమ్మా. అయితే ఆస్తి విలువ దగ్గర సుమారుగానైనా ఏమని వేయమంటారు? ఖాళీగా వదిలితే టీచరు మార్కులు తగ్గిస్తుందేమోనని పాప భయపడుతోంది.

నిపుణురాలు: ఇప్పుడే చెప్పాను కదండీ, అంకె వేయొద్దని. అక్కడ ‘అల్ ఉమరీ విన్నది ఇది’ అని ఒక వాక్యం రాయమనండి. ఏ టీచరూ దానికి మార్కులు తగ్గించరు.

శ్రోత: మంచిదమ్మా. ఇంకొక్కటే. ఆ రాజు బంగారు ముద్ద పట్టుకుని కూర్చున్న బొమ్మ ఒకటి అంతటా కనిపిస్తుంది. అది ఆయన రూపమేనా?

నిపుణురాలు: మంచి ప్రశ్న. అది 1375 నాటి కాటలాన్ అట్లాసులోని బొమ్మ. మయోర్కా ద్వీపంలో గీశారు, ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్దది చేసి చూడవచ్చు. యాత్ర జరిగిన యాభై ఏళ్లకు, ఆయనను చూడని మనిషి గీశాడు కాబట్టి, ఐరోపా వర్తకులు ఆ రాజును ఎలా ఊహించుకున్నారో చెప్పడానికే అది సాక్ష్యం. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మాత్రం మాలికి స్వయంగా వెళ్లాడు, 1352లో. అప్పటికి మూసా తమ్ముడు సులేమాన్ రాజు. అతిథి కానుక వచ్చిందంటే పట్టుబట్టలూ బంగారమూ అనుకున్నాడట. వచ్చినవి మూడు రొట్టెలు, వేయించిన గొడ్డుమాంసం ముక్క, ఒక ఆనపకాయ బుర్రలో పెరుగు. రాజు పిసినారి అని రాసేశాడు. ఆ మాట రాసింది ఎవరు? అంతకుముందు దిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా ఉండి భారీ కానుకలు అందుకున్నవాడు. యువరాజుగా ఓరుగల్లును పట్టుకున్నది ఆ తుగ్లకే. దిల్లీ కానుకలు చూసిన కళ్లతో చూశాడు కాబట్టి పెరుగు బుర్ర చిన్నబోయింది. మాలిలో దారిదోపిడీ భయం లేదని, న్యాయం బాగా నడుస్తుందని మెచ్చుకున్నదీ ఆయనే. పాపను ఆ రెండూ రాయమనండి.

వ్యాఖ్యాత: అయ్యా, ఇంకా చాలామంది వేచి ఉన్నారు. ధన్యవాదాలు. విశాఖపట్నం.

శ్రోత (విశాఖపట్నం, ఇంటర్ విద్యార్థి): మేడమ్, చాట్‌బాట్‌ను అడిగి రాసుకోవచ్చా?

నిపుణురాలు: ఏం వెతకాలో అడుగు నాయనా, జవాబు మాత్రం దాని మాట మీద రాయకు. అది చెప్పిన పుస్తకం ఉందో లేదో, ఆ పేజీలో ఆ మాట ఉందో లేదో నువ్వే చూడాలి. యునెస్కో ఎనిమిది సంపుటాల ఆఫ్రికా సమగ్ర చరిత్రను ఉచితంగా పెట్టింది, మాలి కోసం నాలుగో సంపుటం తెరువు.

వ్యాఖ్యాత: తరువాత కర్నూలు.

శ్రోత (కర్నూలు, బి.ఇడి. విద్యార్థిని): పాత పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని వాడుకోవచ్చా మేడమ్?

నిపుణురాలు: అవి ఎందుకు ఉచితమో ముందు తెలుసుకోమ్మా. కాపీరైటు తీరిపోయింది కాబట్టి ఉచితం. అంటే వాటిలో ఎక్కువ భాగం ఆ ప్రాంతాలను ఏలిన దేశాల అధికారులూ యాత్రికులూ వలసపాలన రోజుల్లో రాసినవి. పిల్లలకు డబ్బు పెట్టకుండా ముందుగా చేతికందేవి అవే కాబట్టి, ఆనాటి చిన్నచూపు కూడా వాళ్ల నోట్సులోకి ఎక్కుతోంది. నా బాధంతా ఇదే. 1897లో బ్రిటిష్ సైన్యం బెనిన్ నగరాన్ని కొల్లగొట్టి కంచు శిల్పాలను ఎత్తుకుపోయినప్పుడు, వాటిని ఆఫ్రికా వాళ్లు చేశారంటే కొందరు ఐరోపా వాళ్లు నమ్మలేదు, పోర్చుగీసు వాళ్లు నేర్పి ఉంటారని రాశారు. ఆ రాతలు ఈ రోజుకీ దొరుకుతున్నాయి. చదవండి, కానీ పక్కనే ‘డిజిటల్ బెనిన్’ వెబ్‌సైట్ తెరిచి పెట్టుకోండి. దాదాపు 20 దేశాల్లో నూటికి పైగా సంస్థల్లో చెదిరిపోయిన అయిదు వేలకు పైగా వస్తువులను, అక్కడివాళ్ల ఎడో భాషలో వాటి పేర్లతో సహా, 2022 నుంచి అందులో చూపిస్తున్నారు. ఇంకొక మాట, ఆ బెనిన్ రాజ్యం ఇప్పటి నైజీరియాలో ఉంది, బెనిన్ అనే దేశంలో కాదు. ఆఫ్రికా ఒక దేశం కాదు అన్నట్టే, పేరు కలిసినంత మాత్రాన ఊరు కలవదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. చివరి ఫోన్ ఆదిలాబాద్ నుంచి.

శ్రోత (ఆదిలాబాద్): నేను ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను మేడమ్. మాలి చరిత్రను గ్రియోలు అనే గాయకులు పాడి నిలిపారని చదివాను. పాటను చరిత్రగా పిల్లలతో ఎలా రాయించాలి?

నిపుణురాలు: మీ దగ్గరే దారి ఉందండీ! గోండుల గోత్ర కథలను తరతరాలుగా కీక్రి అనే తీగవాద్యం మీటుతూ పాడేది పర్ధాన్లు కదా. అక్కడ గ్రియోలదీ వంశపారంపర్య వృత్తే, వాళ్లలో కొందరు ఇరవై ఒక్క తీగల కోరా వాయిస్తారు. మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాటా కథ ఆ పాటల్లోనే బతికింది. గాయకుడు మారితే కథా కొంత మారుతుంది కాబట్టి, ఇద్దరు చెప్పిన కథనాలను పక్కపక్కన పెట్టి ఏవి కలిశాయో, ఏవి వేరయ్యాయో రాయించండి. ఒకప్పటి ఫ్రెంచి పాలన వల్ల మాలిలోని పేర్లకు ఫ్రెంచి వర్ణక్రమం ఒకటి, ఇంగ్లిషుది ఒకటి ఉంటాయి, రెండు విధాలా వెతికించండి. దానికి ముందు మీ ఊరి పర్ధాన్ పెద్దాయన ఒప్పుకుంటే పిల్లల ముందు ఒక కథ పాడించండి.

శ్రోత: ఒప్పుకుంటారు మేడమ్, మా బడికి దగ్గరే ఉంటారు. ఫోన్‌లో రికార్డు చేయవచ్చా?

నిపుణురాలు: ఆయననే అడగండి. సరేనంటే, ఆయన పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు ముందుగా పిల్లల చేతే రాయించి, ఆ తరువాతే రికార్డింగు మొదలుపెట్టండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మేడమ్‌కు, శ్రోతలకు ధన్యవాదాలు.