పద్నాలుగు ముడతల గింజలు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చీటీ మీద రాసుకొచ్చాను గానీ కళ్లజోడు ఇంట్లోనే మరిచిపోయాను. అందరికీ కలిపి ఒకటే దండం.

ఇవాళ మెండెల్ పుట్టినరోజు. బఠాణీ మొక్కలు పెంచి, లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయో కనిపెట్టినాయన. ఆయన జీవితం గురించి మాట్లాడమన్నారు. అది మీ పుస్తకంలో ఎలాగూ ఉంది. నేను నా ప్రాక్టికల్ రికార్డు పుస్తకం సంగతి చెబుతాను.

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో తలా 40 బఠాణీ గింజలు ఇచ్చారు. గుండ్రటి గింజల రకాన్నీ ముడతల రకాన్నీ కలిపితే వచ్చిన సంకర మొక్కకు కాసినవి. గుండ్రటివి ఒక పక్కకి, ముడతలవి ఒక పక్కకి ఏరితే నాకు 26, 14 వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. మా సారు ఎర్ర పెన్నుతో కొట్టేసి "30, 10 అని వేయవోయ్" అన్నారు. వేశాను. మార్కులు ఫుల్లు.

ముప్ఫైకి పది, అంటే పుస్తకంలో ఉన్న 3:1. మీలో ఎందరి రికార్డుల్లో సరిగ్గా 3:1 వచ్చింది? చేతులెత్తండి. చూశారా, అందరికీ వచ్చింది! అదే నా బాధ.

మెండెల్ 1866లో అచ్చు వేయించిన వ్యాసం చూడండి. మొత్తం 7,324 గింజల్లో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. సుమారు 3:1. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఒక మొక్కకు 43 గుండ్రటివి, రెండే ముడతలవి వచ్చాయని, ఇంకోదానికి 14 గుండ్రటివి, 15 ముడతలవి వచ్చాయని కూడా రాశాడు. పద్నాలుగుకి పదిహేను! మా సారు చేతికి దొరికితే ఆ మొక్క గతేమిటి?

అలాగని మెండెల్‌ని కూడా వదల్లేదు లెండి. ఆయన లెక్కలు మరీ చక్కగా కుదిరాయని 1936లో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త అనుమానపడ్డాడు. ఆ గొడవలోకి వెళ్తే మీ భోజనాలు చల్లారిపోతాయి.

జేబుల్లోంచి రెండేసి నాణేలు తీయండి. ఒకటి తండ్రి, ఒకటి తల్లి. బొమ్మ పడితే గుండ్రం, బొరుసు పడితే ముడత. గుండ్రం బహిర్గత లక్షణం, అంటే రెండూ కలిస్తే పైకి కనిపించేది కాబట్టి ఒక్క బొమ్మ పడినా గింజ గుండ్రమే. రెండూ బొరుసైతేనే ముడత. సగంలో సగం, నాలుగింట ఒక వంతు. కానీ మీ నాణేనికి ఆ సంగతి తెలియదు, పడేది పడుతుంది.

నలభైసార్లు ఎగరేసి, ఎంతొస్తే అంతే రాయండి. ఇవాళ ఎర్ర పెన్ను తేలేదు. వెనక బెంచీ నుంచి మొదలుపెడదాం. ఊఁ, నీకెంత వచ్చింది బాబూ?