జెండా ఎవరి కోసం దించాలి?

సభకు నమస్కారం. ఆఫీసులు వదిలే టైములో, ఈ ట్రాఫిక్‌లో బాగ్‌లింగంపల్లి దాకా వచ్చారంటే ఈ విషయం మీద మీకు పట్టింపు ఉన్నట్టే. నేరుగా మొదలుపెడతాను.

2025 ఏప్రిల్ 21న కాథలిక్కుల మతగురువు పోప్ ఫ్రాన్సిస్ చనిపోయారు. కేంద్ర హోంశాఖ మూడు సంతాప దినాలు ప్రకటించింది: 22, 23 తేదీలు, ఆ తర్వాత అంత్యక్రియలు జరిగిన 26. రోజూ జాతీయ జెండా ఎగిరే భవనాలన్నింటి మీదా దాన్ని సగానికి దించారు. అధికారిక వినోద కార్యక్రమాలు ఆపేశారు. ఆఫీసులకు మాత్రం సెలవు లేదు. సంతాపం అనగానే మనం ముందు "రేపు సెలవా?" అని అడుగుతాం గానీ, ఆ రెండూ వేరు.

ఇలాంటప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి. మతంతో పని లేదన్న ప్రభుత్వం మతగురువు కోసం జెండా ఎలా దించుతుందన్నది ఒకటి. రెండోది కాస్త ఘాటైనది: మన పీఠాధిపతులు పోతే దించుతారా? 2018 ఫిబ్రవరిలో కంచి జయేంద్ర సరస్వతి సిద్ధి పొందారు. కేంద్రం సంతాప దినాలేమీ ప్రకటించలేదు. ఇలా అడిగేవాళ్లను మతపిచ్చి అని కొట్టిపారేయడం మన సెక్యులర్ మిత్రులకు అలవాటు. అది న్యాయమైన ప్రశ్నే.

దీనికి చట్టం చెప్పే జవాబు ఒకటుంది. పోప్ ఒక రాజ్యాధినేత. 1929 నుంచి వాటికన్ స్వతంత్ర రాజ్యం. మన ఉస్మానియా క్యాంపస్‌లో ఒక మూలకు సరిపోయేంత జాగా, అయినా రాజ్యమే. 1948 నుంచి దానితో మనకు దౌత్య సంబంధాలున్నాయి. 2022లో ఎలిజబెత్ రాణి పోయినప్పుడు కూడా జెండా దించాం. ఆవిడ ఇంగ్లండ్ చర్చికి అధిపతి కూడా, కానీ అది మతసంతాపమని ఎవరికీ తోచలేదు. 2024 మేలో ఇరాన్ అధ్యక్షుడు రైసీ కోసం దించాం. ఆయనా మతపండితుడే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ రాణికి ఒక్కరోజు, రైసీకి ఒక్కరోజు, పోప్‌కు మూడు రోజులు. ఆ అదనపు రెండు రోజులు ఏ లెక్కలోవి? దౌత్య మర్యాద ఒక్కరోజుతో అయిపోతుంది. మిగతాది గౌరవమో, భక్తో, ఓట్లో, ఏదైనా కావచ్చు. ఫలానా పదవికి ఇన్ని రోజులు అని ముందే రాసి పెట్టుకుంటే ఈ అనుమానానికే చోటుండదు.

ఈ ఊళ్లో దుఃఖం లేదని కాదు నేను అనేది. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారిని 2022లో కార్డినల్‌ని, అంటే పోప్ తర్వాతి స్థాయి మతాధికారిని, చేసింది పోప్ ఫ్రాన్సిసే. దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌కి వెళ్లేవాళ్లకు ఆ పోప్ ఎక్కడో రోమ్‌లో ఉన్న పెద్దాయన కాదు. వాళ్ల ఏడుపు వాళ్లది, నిజమైనది. దానికి సెక్రటేరియట్ ముద్ర అక్కర్లేదు.

పోప్‌కు రాజ్యం ఉంది కాబట్టి తేలిగ్గా తప్పించుకున్నాం. రాజ్యం లేని గురువు మాటేమిటి? 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా పోయారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సంతాప దినాలు ప్రకటించింది, 27న పుట్టపర్తిలో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు ఆయన ట్రస్టు తాగునీళ్లు ఇచ్చింది, ఉచితంగా పెద్ద ఆపరేషన్లు చేసే ఆసుపత్రి కట్టింది. బిందెలు పట్టుకుని మైళ్లు నడిచిన ఆడవాళ్లను అడిగితే ఆ లాంఛనాలు తక్కువే అంటారు. నేను వాళ్లతో వాదించలేను.

అయితే ఆయన్ని భక్తులు దేవుడన్నారు, హేతువాదులు ఆయన మహిమలను బహిరంగంగా ప్రశ్నించారు. జెండా ఆ ఇద్దరిదీ. నీళ్లిచ్చిన దాతకు వందనం చేస్తున్నామని ప్రభుత్వం అనుకోవచ్చు, కానీ టీవీలో చూసేవాళ్లకు దాతా దేవుడూ వేరువేరుగా కనపడరు. నా అభిప్రాయం అడిగితే, శాసనసభలో తీర్మానం చేసి ఆ నీళ్ల పథకాన్ని పేరు పెట్టి మెచ్చుకుంటే సరిపోయేది. లాంఛనాలు అక్కర్లేదు. ఈ మాటకు కొందరికి కోపం రావచ్చు, రానివ్వండి.

జెండా కంటే నాకు ఎక్కువ టెన్షన్ బడులు, కాలేజీల గురించి. పైనుంచి సర్క్యులర్ వస్తుంది, ప్రిన్సిపాల్ అందరినీ గ్రౌండ్‌లోకి పిలుస్తాడు, రెండు నిమిషాల మౌనం కాస్తా ప్రార్థన అయిపోతుంది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపో, గ్రాంటో ఉన్న మిగతా చోట్ల కూడా, ఇష్టం లేనివాళ్లను ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. 1986లో కేరళ పిల్లలు ముగ్గురి కేసు ఉంది. జనగణమనకు లేచి నిలబడ్డారు, కానీ తమ మతవిశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి వాళ్లను తీసేసింది, సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. జాతీయ గీతమే బలవంతంగా పాడించలేనప్పుడు, ఒక గురువు కోసం కళ్లు మూసుకోమని ఎలా చెబుతాం? లైబ్రరీలో ఒక బల్ల మీద సంతాప పుస్తకం పెట్టండి. రాసేవాళ్లు రాస్తారు, లేనివాళ్లు పేపరు చదువుకుంటారు.

ఇక రాష్ట్ర ప్రభుత్వాల సంగతి. అధికార లాంఛనాలు ఎవరికన్నది దాదాపుగా ముఖ్యమంత్రి ఇష్టం. 2023లో గద్దర్‌కు ఇచ్చినప్పుడు కూడా కొందరు అభ్యంతరం చెప్పారు. ఆయన మతగురువు కాదు, అయినా చిక్కు అదే. ఎందుకు ఇస్తున్నారో జీవోలోనే రెండు వాక్యాల్లో కారణం రాయాలని నేను కోరతాను. "ప్రజల మనోభావాల దృష్ట్యా" అన్నది కారణం కాదు, దాటవేత.

ముందు వరుసలోంచి ఒక చీటీ వచ్చింది. పోప్ అంత్యక్రియలకు రాష్ట్రపతి ముర్ము గారు వెళ్లడం కూడా తప్పేనా అని. తప్పేమీ కాదండీ. ఒక దేశంలో పెద్దదిక్కు పోతే ఇంకో దేశం పరామర్శకు వెళ్తుంది. ఆవిడ ఇక్కడ ఎవరినీ తలవంచమనలేదు, ఎవరి హాజరూ తీసుకోలేదు. మిగతా చీటీలు కూడా ఇటు అందించండి, చూద్దాం.