ఏడు సీసాల రాకెట్టు

(జాతీయ అంతరిక్ష దినోత్సవం సందర్భంగా విజయవాడలో విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, ఫ్యాన్ కింద చోటు దొరికిన అదృష్టవంతులకు, దొరకని మిగతా అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మాస్టారు అభిమానం కొద్దీ శాస్త్రవేత్త అనేశారు. నేను రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణండీ. రాయనపాడు వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసేవాళ్లం. వ్యాగన్ పట్టాల మీద నుంచి లేవకుండా చూడటమే మా ఉద్యోగం. అలాంటివాణ్ణి పిలిచి రాకెట్ల గురించి మాట్లాడమన్నారు. కార్యదర్శిగారి ధైర్యానికి కూడా ఒక నమస్కారం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది, అందుకే ఈ రోజు పండగ. ఆ సంగతి నాకన్నా బాగా ఇక్కడున్న పిల్లలు చెప్తారు. నేను కాగితం మీద నాలుగు అంశాలు రాసుకొచ్చాను. మోడల్ రాకెట్ల చరిత్ర, నిలకడ సూత్రం, గొట్టాల రెక్కలు, జాగ్రత్తలు. వరసగా చెబుదామనే అనుకున్నాను. కానీ లోపలికి వస్తుంటే వరండాలో మీరు పెట్టిన ప్రదర్శన చూశాను. థర్మోకోల్ రాకెట్లు, ఎర్ర లైట్లు, మెరుపు కాగితాలు. అవి చూశాక నాకు ఒక అమ్మాయి గుర్తొచ్చింది. ముందు ఆ గొడవ చెప్పకపోతే మిగతాది నోట్లోంచి రాదు.

మా పక్కింటి అమ్మాయి. వాళ్ల నాన్న ఆటోనగర్‌లో లేత్ పనివాడు. అప్పుడు ఎనిమిదో తరగతి. ఒకరోజు వచ్చి, "తాతగారూ, స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పోసి, పంపుతో గాలి కొట్టి నిజంగా ఎగిరే రాకెట్టు చెయ్యాలి. మీ దగ్గర హాక్సా ఉందా?" అంది. సీసా కోయడానికి హాక్సా ఎందుకమ్మా, కటర్ చాలు అన్నాను. అలా మొదలైంది.

ముందు అందరూ చేసేట్టే అట్టతో మూడు పలక రెక్కలు చేసింది. మూడు రెక్కలంటే ఒకదానికొకటి సరిగ్గా 120 డిగ్రీల దూరంలో నిలబడాలి. తిన్నగా ఉండాలి. ఒకటి కాస్త వాలితే రాకెట్టు గిరగిరా తిరుగుతుంది. గుండ్రటి సీసా మీద పల్చటి అట్ట అంచు నిలబెట్టి అతికించడం పెద్దవాళ్లకే కష్టం. పైగా వానాకాలం. తేమకి అట్ట మెత్తబడుతుంది, ఒక్కసారి నేలను తాకితే మడతపడిపోతుంది. విసుగొచ్చి ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు చెప్పాను, పలకలు మానేసి గొట్టాలు పెట్టమని.

మీ జేబుల్లో రూపాయి బిళ్లలు ఉన్నాయా? ఉండవులెండి, అంతా ఫోన్‌పే కాలం. ఆ వెనక బెంచీలో అమ్మగారి దగ్గర ఉన్నట్టున్నాయి. ఒక బిళ్ల మధ్యలో పెట్టండి. చుట్టూ అవే బిళ్లలు ఆనించి పేర్చండి. ఎన్ని పడతాయి? ఆరు. సరిగ్గా ఆరు. సందు మిగలదు, ఏడోదానికి చోటు ఉండదు. ప్రతి బిళ్లా మధ్య బిళ్లనూ, అటూ ఇటూ ఉన్న రెండు బిళ్లలనూ తాకుతుంది. ఇప్పుడు బిళ్లల బదులు గొట్టాలు అనుకోండి. మధ్యలో రాకెట్టు ఒళ్లు, చుట్టూ అదే లావున్న ఆరు పొట్టి గొట్టాలు. కోణాలు కొలవక్కర్లేదు, ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే జిగ్ అక్కర్లేదు. గొట్టాలే ఒకదాన్నొకటి వరసలో పెట్టుకుంటాయి. ఫిట్టర్‌గా నాకు ఈ డిజైన్ మీద ఇష్టం అందుకే. చెయ్యి ఇంకా కుదరని పిల్లలు కూడా తిన్నగా చెయ్యగలరు.

సన్న గొట్టాలే ఉంటే ఎనిమిది పెట్టొచ్చు. అప్పుడు గొట్టం లావు ఒంటి లావులో సుమారు 0.62 వంతు ఉండాలి. ఒళ్లు 11 సెంటీమీటర్లయితే గొట్టం 6.8. లెక్క మీ లెక్కల మాస్టారిని అడగండి, సైన్ 22.5 డిగ్రీలతో వస్తుంది. ఆ పాఠం ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకి అప్పుడు తెలుస్తుంది.

సరే, ఎగ్జిబిషన్ రోజు. స్కూలు పేరు చెప్పను, అడగొద్దు. అమ్మాయి బల్ల మీద ఏడు సీసాల రాకెట్టు. పక్కన నైలాన్ తాడు, సైకిల్ పంపు. పక్క బల్ల మీద నాలుగడుగుల థర్మోకోల్ పీఎస్ఎల్వీ, మన ఇస్రో రాకెట్టు బొమ్మ. తయారుగా కొనుక్కొచ్చింది. స్విచ్చి వేస్తే కింద ఎర్ర బల్బు వెలుగుతుంది. ఇద్దరు జడ్జిలు వచ్చారు. ఒకాయన అమ్మాయి రాకెట్టు వైపు చూసి, "రాకెట్టంటే రెక్కలుండాలి కదమ్మా. ఇదేంటి, పూలకుండీలా ఉంది?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మాయి బెదరలేదు. "సార్, ఆ పక్కనున్న పీఎస్ఎల్వీకి కూడా రెక్కల్లేవు" అంది.

నిజమే కదండీ! పీఎస్ఎల్వీకి తోక దగ్గర రెక్కలుండవు. దానికి కంప్యూటర్ ఉంది. రాకెట్టు పక్కకి వాలుతుంటే మొదటి దశ నాజిల్‌లోకి, అంటే మంట బయటికొచ్చే మూతిలోకి, ఒక పక్క నుంచి ద్రవాన్ని చిమ్మి మంట దిశ మార్చి సరిచేస్తారు. కేరళలోని తుంబా నుంచి వాతావరణ పరిశోధనకి వెళ్లే చిన్న రోహిణి రాకెట్లకి రెక్కలుంటాయి, ఎందుకంటే వాటికి ఆ హంగులేవీ లేవు. ఎనిమిదో తరగతి పిల్ల అంత తేడా పట్టుకుంది. ఆ జడ్జిగారు ఏమన్నారో తెలుసా? "ఎదురు మాట్లాడకూడదమ్మా" అన్నారు. ముందుకు వెళ్లిపోయారు. ఎర్ర బల్బుకి ఫస్ట్ ప్రైజు.

పోనీ రెక్క అంటే పలకే ఉండాలని ఎక్కడుంది? మనుషుల్ని తీసుకెళ్లే రష్యా సోయుజ్ రాకెట్టు పైభాగాన, ప్రమాదం వస్తే వ్యోమగాముల్ని తప్పించే అమరికకి మడిచి పెట్టిన గడుల పలకలు ఉంటాయి. అమెరికా రాకెట్టు ఫాల్కన్ 9 మొదటి దశ తిరిగి నేలకి దిగేటప్పుడు అలాంటి గడుల రెక్కలే తెరుచుకుని దారి చూపిస్తాయి. గాలి వాటి గడుల్లోంచి పోతుంది. అంత పెద్ద రాకెట్లకి పనికొచ్చిన ఉపాయం ఒక పిల్ల బల్ల మీద కనబడితే నవ్వులాటా?

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రైజు రానందుకు కాదు. "ఇది ఎలా పనిచేస్తుంది?" అని ఒక్కరూ అడగనందుకు. బెంజి సర్కిల్ దగ్గర ర్యాంకుల ఫొటోలతో అంతంత హోర్డింగులు పెట్టుకునే ఊరు మనది. ఆ ఫొటోల్లో ఉన్న పిల్లల్లో ఎంతమంది చేత్తో కటర్ పట్టుకున్నారు? తల్లిదండ్రుల్ని అడుగుతున్నాను. చెప్పండి. ఎంతమంది ఇళ్లలో పిల్లలకి స్క్రూడ్రైవర్ ముట్టుకునే స్వేచ్ఛ ఉంది?

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. పనిచేసే తీరు చెప్తాను.

రాకెట్టుకి రెండు చోట్లు ముఖ్యం. ఒకటి బరువు కేంద్రం. వేలి మీద పెడితే అటూ ఇటూ ఒరగకుండా నిలబడే చోటు. రెండోది గాలి కేంద్రం. పక్కగాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే చోటు. బరువు కేంద్రం ముక్కు వైపు, గాలి కేంద్రం తోక వైపు ఉండాలి. రెండింటి మధ్య కనీసం ఒంటి లావంత దూరం ఉండాలి. అప్పుడు రాకెట్టు కాస్త వాలినా గాలి తోకని నెట్టి తిన్నగా చేస్తుంది. మన దీపావళి తారాజువ్వకి వెనక పొడుగు పుల్ల ఉంటుంది చూశారా, దాని పనీ ఇదే. పుల్ల తీసేసి వెలిగిస్తే ఎవరింట్లోకి పోతుందో దానికే తెలీదు.

గొట్టం ఈ పని ఎలా చేస్తుంది? రాకెట్టు తిన్నగా పోతున్నంతసేపూ గాలి గొట్టంలోంచి తిన్నగా పోతుంది. వాలగానే ఏటవాలుగా దూరిన గాలిని గొట్టం గోడ లోపలి నుంచీ బయటి నుంచీ మళ్లిస్తుంది. మళ్లించినప్పుడు గాలి తిరిగి గోడని నెడుతుంది. ఏ వైపు వాలినా ఇంతే, గుండ్రం కాబట్టి. అయితే దీనికి ఖర్చుంది. ఇంత గోడకి గాలి రాపిడి ఎక్కువ, అదే బరువున్న పలక రెక్కల రాకెట్టంత ఎత్తు పోదు. గొట్టం మరీ పొడుగైతే గాలి లోపల ఇరుక్కుంటుంది. లావుకి సమానం పొడుగు చాలు, రెండింతలు దాటొద్దు.

అమెరికాలో ఈ మోడల్ రాకెట్ల హాబీ బాణాసంచా మందు నింపిన మోటార్లతో నడుస్తుంది. దాని కథ నాకు ఇష్టం. 1950ల్లో కుర్రాళ్లు ఇళ్లలో గొట్టాల్లో మందు కూరి వేళ్లు పోగొట్టుకుంటుంటే, హ్యారీ స్టైన్ అనే ఇంజనీరు దాని గురించి పత్రికలో రాశాడు. అది చదివి నెబ్రాస్కాలో చెప్పుల షాపు నడిపే ఆర్విల్ కార్లైల్ అనే ఆయన, తను 1954లో చేసిన చిన్న మోటారు స్టైన్‌కి పంపాడు. అట్ట గొట్టంలో ఫ్యాక్టరీలోనే నింపిన మందు, వాడి పారెయ్యడమే. పిల్లలు మందు ముట్టుకోనక్కర్లేదు. తర్వాత బాణాసంచా వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు వెర్న్ ఎస్టెస్ ఆ మోటార్లు తయారుచెయ్యడానికి ఒక మెషీనే కట్టాడు. చెప్పుల షాపాయన లేకపోతే ఈ హాబీయే లేదు.

మనకి ఆ మోటార్లు బజార్లో దొరకవు. అందుకని, పిల్లలూ, ఇది బాగా వినండి. అగ్గిపుల్లల మందు గీకడం, టపాకాయలు విప్పి మందు తియ్యడం, వీడియో చూసి చక్కెరా ఇంకోటీ కలిపి వేడిచెయ్యడం, ఏదీ వద్దు. మన దేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884 నుంచీ ఉంది. చట్టం సంగతి అటుంచండి, వర్క్‌షాపులో వేళ్లు పోయినవాళ్లతో కలిసి పనిచేశాను నేను. మీకు వేళ్లు కావాలి.

మనకి నీళ్లున్నాయి. కూల్‌డ్రింకు రెండు లీటర్ల సీసాలు ఏడు తీసుకోండి. మంచినీళ్ల సీసాలు ఒత్తిడి తట్టుకోవు, గ్యాసు డ్రింకు సీసాలే కావాలి. నడుము నొక్కినట్టుండేవి వద్దు, తిన్నగా ఉండేవి వెతకండి. ఒక సీసాని కోయకుండా ఉంచండి, మూతి కిందికి తిప్పితే అదే ఒళ్లు. మిగతా ఆరింటికీ పైనా కిందా కోసి నడిమి గొట్టం తీసుకోండి. కోత వంకర రాకుండా చార్టు కాగితం సీసా చుట్టూ చుట్టి, కాగితం అంచు అంచుకి కలిసేట్టు చూసి, ఆ అంచు వెంబడి మార్కర్‌తో గీయండి. పైపులు కోసే ఫిట్టర్లందరం చేసేది ఇదే. కోసిన అంచులకి టేపు చుట్టండి, లేకపోతే చేతులు తెగుతాయి.

గొట్టాల్ని ఒంటికి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, చుట్టూ ప్యాకింగ్ టేపు బిగించండి. ఒత్తిడి పట్టే సీసాకి వేడి గ్లూ గన్ పెట్టొద్దు, ప్లాస్టిక్ మెత్తబడి అక్కడే పగులుతుంది. గొట్టాలు సీసా మూతి కన్నా కాస్త కిందికి దిగేట్టు పెడితే ఇంకో లాభం. రాకెట్టు తనంతట తనే నిలబడుతుంది. ఇటుకల మీద నిలబెడితే మధ్యలోంచి పంపు గొట్టం పోతుంది. సీసా మూతికి రబ్బరు బిరడా, దానికి కన్నం పెట్టి పంక్చర్ షాపులో దొరికే ట్యూబ్‌లెస్ టైరు వాల్వు. సీసాలో మూడో వంతు నీళ్లు. పంపు కొడితే గాలి ఒత్తిడికి బిరడా ఊడి, నీళ్లు కిందికి చిమ్ముకుని రాకెట్టు లేస్తుంది. ముక్కున సగం కోసిన రబ్బరు బంతి, దాని లోపల బంకమట్టి. సూదిగా ఉండే ముక్కు వద్దు, కిందికొచ్చేటప్పుడు అది ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు.

ఎగరెయ్యడానికి ముందు, నీళ్లు పొయ్యకుండా, బరువు కేంద్రం దగ్గర తాడు కట్టి రాకెట్టుని తల మీదుగా గిరగిరా తిప్పండి. ముక్కు ముందుండి పోతే నిలకడ ఉన్నట్టు. అడ్డంగానో వెనక్కో తిరిగితే ముక్కులో ఇంకాస్త మట్టి పెట్టి మళ్లీ తిప్పండి. గొట్టాల రెక్కలకి కాగితం మీద లెక్క కట్టడం చిక్కు, మామూలు పలక రెక్కల సూత్రాలు వీటికి నేరుగా సరిపోవు. తాడే దిక్కు. ఆ అమ్మాయి బల్ల మీద తాడు పెట్టింది ఇందుకే. జడ్జిలు అది దేనికని అడగలేదు. మళ్లీ అక్కడికే వచ్చాను, క్షమించండి.

పంపు కొట్టేవాళ్లు పొడుగాటి గొట్టంతో దూరంగా ఉండండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, సీసా మీదికి ఎవరూ వంగొద్దు. బిరడా ఊడకపోతే దగ్గరికి పరుగెత్తకండి, ముందు పంపు వైపు నుంచి గాలి వదిలెయ్యండి. మేడల మీద వద్దు, కరెంటు తీగల దగ్గర వద్దు, గన్నవరం విమానాశ్రయం దరిదాపుల్లో అసలే వద్దు. కోతలైన పొలం మంచిది.

ఆ అమ్మాయి రాకెట్టు ఎగిరిందా అని మధ్య వరసలో బాబు చెయ్యెత్తి అడుగుతున్నాడు. ఎగిరింది నాన్నా. కంకిపాడు వైపు ఒక చేలో, వాళ్ల నాన్న పంపు కొడితే కొబ్బరిచెట్టు దాటింది. తిన్నగా. ఒళ్లంతా నీళ్లు పడ్డాయి ఆయనకి. పడ్డాక గొట్టాలు సొట్టలు పోయాయి, చేత్తో నొక్కితే మళ్లీ గుండ్రంగా వచ్చాయి. అట్ట రెక్కలైతే అక్కడితో సరి. ఆ అమ్మాయి ఇప్పుడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. హాక్సా ఇంకా తిరిగివ్వలేదు.

చరిత్ర అంశం సగమే చెప్పాను, ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్టు ఎగరేసిన అమెరికా ఆయన గాడర్డ్, ఆ 1926 రాకెట్టు సంగతి మిగిలిపోయింది. పోనీండి, భోజనాల టైమైంది. కార్యదర్శిగారికి ఒక్క విన్నపం. వచ్చే ఏడు ప్రదర్శనలో కొనుక్కొచ్చిన బొమ్మలకి వేరే బల్ల వెయ్యండి. పిల్లలు చేసిన ప్రతి రాకెట్టునీ జడ్జిలే తాడు కట్టి తిప్పి చూడాలని రూలు పెట్టండి. జడ్జిలకి భుజాలు నొప్పెడితే నాకు ఫోన్ చెయ్యండి, నేనొచ్చి తిప్పుతాను. నమస్కారం.