బంప్ స్టాక్ తీర్పు: చట్టసభ చేయవలసిన పని

సభకు నమస్కారం.

అమెరికాలో తుపాకుల మీద వాదన మొదలైతే అందరూ ఆయుధం కలిగి ఉండే హక్కునిచ్చే రాజ్యాంగ రెండవ సవరణ దగ్గరికే వెళతారు. 2024 జూన్ 14న గార్లండ్ వర్సెస్ కార్గిల్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మాత్రం ఆ సవరణ మీద ఆధారపడినది కాదు. బంప్ స్టాక్ తగిలించిన రైఫిల్, 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం నిర్వచించిన మెషిన్ గన్, అంటే ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే దానంతటదే ఒకటికి మించి గుళ్లు పేల్చే ఆయుధం, కిందికి వస్తుందా రాదా అన్నదే అక్కడి ప్రశ్న.

ఆ పరికరం ఎలా పనిచేస్తుందో తెలియనిదే తీర్పు అర్థం కాదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండే పేలుతుంది. బంప్ స్టాక్ బిగించాక, భుజానికి ఆనించిన మడమ, అంటే తుపాకీ వెనుక భాగం, కదలకుండా ఉండి, రైఫిల్ మాత్రం అందులో వెనక్కీ ముందుకీ జారుతుంది. పేలిన అదురుకు అది వెనక్కి వస్తే, రెండో చేయి ముందుకు నెడుతూనే ఉంటుంది కనుక, కదపకుండా ఉంచిన వేలికి ట్రిగ్గరే మళ్లీ మళ్లీ వచ్చి తగులుతుంది. ఇలా నిమిషానికి 400 నుంచి 800 గుళ్లు పేలతాయని జస్టిస్ సోనియా సోటోమేయర్ తమ అసమ్మతి తీర్పులో రాశారు. 2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగాస్‌లో ఒక హోటల్ 32వ అంతస్తు నుంచి ఒకే మనిషి, సంగీతోత్సవానికి వచ్చిన జనం మీద పదకొండు నిమిషాలలోపే వెయ్యికి పైగా గుళ్లు కురిపించింది ఈ పరికరాల సాయంతోనే. తరువాతి ఏళ్లలో ఆ గాయాలతో కన్నుమూసిన వారితో కలిపి 60 మంది చనిపోయారు.

ప్రతి గుండుకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోంది కనుక ఇది మెషిన్ గన్ కాదని ఆరుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ క్లారెన్స్ థామస్ తీర్పు రాశారు. కాల్చేవాడి వేలు కదలనప్పుడు ట్రిగ్గర్ లోపలి కదలికలను లెక్కపెట్టడం నాకు సమ్మతం కాదు. అయినా తుపాకీ యజమానుల ఫిర్యాదులో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. కేంద్ర ఆయుధాల సంస్థ, అంటే ఏటీఎఫ్, ఈ తరహా పరికరాలు మెషిన్ గన్‌లు కావని పదేళ్లపాటు లేఖలు ఇచ్చింది. ఆ మాట నమ్మి కొన్నవారిని, 2018 డిసెంబరులో చట్టంలో అక్షరం మారకుండానే, అప్పగించండి లేదా ధ్వంసం చేయండి, లేకుంటే జైలే అంది. ఈ కేసు వేసిన మైఖేల్ కార్గిల్ తన రెండు పరికరాలను అప్పగించి మరీ కోర్టుకు వెళ్లారు.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, శబ్దాన్నీ మెరుపునూ తగ్గించే ఉపకరణాలను కూడా తుపాకీ నిర్వచనంలోనే చేర్చింది. అక్కడ తుపాకీ లైసెన్సు మీద దొరికేదే తప్ప రాజ్యాంగ హక్కు కాదు. హక్కుగా ఉన్న అమెరికాలో ఆంక్ష విధించే చట్టం మరింత స్పష్టంగా ఉండాలి, ఆ పని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌ది. చట్టాన్ని సవరించుకోవచ్చని, ఆ తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ ఆలిటో విడిగా రాశారు కూడా. తీర్పు వచ్చిన నాలుగు రోజులకు సెనేట్‌లో నిషేధ బిల్లును ఏకగ్రీవంగా ఆమోదింపజేయాలని చూస్తే, ఒక్క సభ్యుడి అభ్యంతరంతో ఆగిపోయింది.

లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్ర శాసనసభ ఇంతకాలం ఆగలేదు. సెమీ ఆటోమేటిక్ తుపాకీ కాల్పుల వేగాన్ని గణనీయంగా పెంచే మార్పులను 2019లోనే తన చట్టంలో నిషేధించింది. కాంగ్రెస్ కూడా అలాగే రాయాలని, ఇక్కడ ఓటు హక్కున్న తెలుగువారు తమ ప్రతినిధులను అడగాలని కోరుతున్నాను.