లెదర్ సీటుకు కొబ్బరి నూనె ఎందుకు పట్టదు?

నమస్కారం. మీరు చూస్తున్నది హన్మకొండలో మా ఇంటి ముందున్న 2007 నాటి కారులోని డ్రైవర్ సీటు. ఎక్కి దిగేటప్పుడు తొడ రాసుకునే ఈ కుడి అంచును దగ్గరగా గమనించండి. లేత గోధుమ రంగు మాసి నల్లబడింది, మడత పడే చోట వెంట్రుకంత సన్నని పగుళ్లు వరుసగా కనిపిస్తున్నాయి. వీటిని చూసిన ప్రతివారూ "తోలు ఎండిపోయింది, కొబ్బరి నూనె పట్టించండి" అనే అంటారు. ఆ సలహా పాటించి సీట్లు పాడుచేసుకున్నవారిని కళ్లారా చూశాను కనుకనే ఈ వీడియో చేస్తున్నాను.

మన పాత ఇళ్లలోని టేకు దర్వాజను గుర్తు చేసుకోండి. రంగు వేయని దర్వాజకు నూనె రాస్తే చెక్క పీల్చుకొని నిగనిగలాడుతుంది. రంగు వేసిన దర్వాజకు రాస్తే ఆ నూనె పైనే జిడ్డుగా నిలిచి వీధి దుమ్మునంతా పట్టుకుంటుంది తప్ప చెక్కకు చుక్క కూడా అందదు. తంగేడు బెరడుతో ఊనిన, అంటే కుళ్లకుండా పదును చేసిన, పాతకాలపు చెప్పుల తోలు రంగు వేయని దర్వాజ వంటిది. దానికి నూనె పెట్టడం మన పెద్దలు తెలిసి చేసిన పనే. బతుకమ్మలో మనం పేర్చుకునే పూలు పూసే ఆ తంగేడు బెరడే తోలును కుళ్లకుండా నిలబెట్టేదన్న సంగతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. కారు సీట్ల తోలును మాత్రం ఎక్కువగా క్రోమియం లవణాలతో ఊని, పైన రంగు పూత, ఆ రంగు మీద పారదర్శకమైన పాలీయురేథేన్ పూత వేస్తారు. కాబట్టి మనం రోజూ కూర్చునేది రంగు వేసిన దర్వాజ మీద.

నమ్మకం కుదరకపోతే సీటు మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. (చుక్క వేసి చూపిస్తూ) ఇదిగో, ముత్యంలా అలాగే నిలబడింది. పూత లేని తోలైతే ఆ చుక్క ఇంకిపోయి అక్కడ రంగు ముదిరేది. అయితే రెక్సిన్ మీద కూడా చుక్క ఇలాగే నిలుస్తుంది కనుక, సీటు కవరు అడుగున జిప్పు ఉంటే తీసి వెనుక వైపు చూడండి: తోలుకు నూగులాంటి పీచు ఉంటుంది, రెక్సిన్‌కు నేసిన గుడ్డ కనిపిస్తుంది. కూర్చునే భాగం తోలుతోను, పక్కలు రెక్సిన్‌తోను చేసిన కార్లు చాలా ఉన్నాయి.

మరి పగుళ్లు ఎందుకు వస్తాయి? దర్వాజలో కూడా గొళ్లెం చుట్టూ, చేతులు తగిలే చోటే రంగు ముందుగా నల్లబడి ఊడుతుంది. సీటులోనూ అంతే. చెమట, తలకు రాసుకున్న నూనె పూతను మెత్తబరుస్తాయి, దుమ్ము గరుకు కాగితంలా దాన్ని అరగదీస్తుంది. మే నెలలో వరంగల్, రామగుండం వైపు ఎండ 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు మూసి ఉంచిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి, అద్దంలోంచి పడే ఎండకు పూత తన సాగే గుణాన్ని కోల్పోతుంది. ఎండలో ఆపక తప్పనప్పుడు వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా ఒకటి సీటు మీద కప్పి వెళ్లండి, కూర్చునే ముందు మాత్రం తీసేయండి, ఎందుకంటే దాని గరుకు నేత కూడా పూతను అరగదీస్తుంది.

అసలు సంరక్షణ అంటే శుభ్రం చేయడమే. తోలుకు సహజంగా కొంత ఆమ్ల గుణం ఉంటుంది, బట్టల సబ్బుకు క్షార గుణం ఉంటుంది, అందువల్ల సబ్బు నీళ్లు వాడకండి. తోలు కోసమే అమ్మే క్లీనర్‌ను సీటు మీద పోయకుండా మెత్తని బ్రష్ మీద వేసి, నురుగు చేసి, అరచేయంత భాగాన్ని ఒకసారిగా తీసుకొని, నొక్కకుండా గుండ్రంగా రుద్దండి. (తెల్ల గుడ్డతో తుడిచి చూపిస్తూ) ఈ నలుపు చూడండి, ఇదంతా ఇంతవరకు మనం "పాతబడిన రంగు" అనుకున్న మురికి. గుడ్డకు నలుపు కాక సీటు రంగే అంటితే పూత వదులుతోందని గ్రహించి వెంటనే ఆపేయండి. కుట్ల దగ్గర, సన్నని రంధ్రాలున్న చోట తడి లోపలికి దిగనివ్వకండి.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. తళతళ మెరిపించే సిలికాన్ పాలిష్ వద్దు. నేను కారు కడిగించిన ఒక చోట అడగకుండానే అది పూశారు, తరువాత వేసిన రంగు అక్కడ పట్టనే లేదు. పగుళ్లు ఉంటే ముందు జిడ్డు పూర్తిగా తీసి, సాగే గుణమున్న లెదర్ ఫిల్లర్‌ను పలుచగా రెండు మూడు సార్లు నింపి, ఆరాక సన్నని గరుకు కాగితంతో నునుపు చేయండి. దర్వాజకు లప్పం పెట్టి రంగు వేసే వరుస కూడా ఇదే. ఆపై సీటు రంగు, చివరగా పారదర్శకమైన పూత వేసి, నీడలో అద్దాలు కొద్దిగా దించి ఆరనివ్వండి. ఒక పూర్తి రోజు గడిచే వరకు ఆ సీటులో ఎవరినీ కూర్చోనివ్వకండి.