పదిమంది చేయి పడిన కోడ్‌లో స్పష్టత, ఆనవాయితీ

సభకు నమస్కారం. రుషికొండ ఐటీ హిల్స్ కంపెనీల నుంచి, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల నుంచి వచ్చిన మీలో చాలామంది ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లో కొత్త ప్రోగ్రామ్ రాయరు. ఏనాడో మొదలై ఎందరో చేయి వేసిన లక్షల పంక్తుల కోడ్‌ను చదివి, అందులో ఒక మూల చిన్న మార్పు చేస్తారు. ఆ ఫైలులో అందరూ ఒక తీరున రాసి ఉంటారు. మీకు అంతకన్నా స్పష్టంగా తోచే తీరు మరొకటి తెలుసు. అప్పుడు ఏ తీరున రాయాలన్నదే నా విషయం.

ఆనవాయితీని స్పష్టతకు శత్రువుగా చూడడం పొరపాటని నా గట్టి నమ్మకం. పెద్ద కోడ్‌బేస్‌లో చదవడానికి వీలుగా ఉండడమన్నది చాలావరకు ఆనవాయితీ వల్లనే వస్తుంది. ప్రోగ్రామ్‌ను ఒక చోటు నుంచి నేరుగా మరో చోటికి దూకించే గోటో ఆదేశాన్నే తీసుకోండి. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దాన్ని విమర్శిస్తూ రాసిన లేఖ నాటి నుంచి దాన్ని వాడకూడదని తరగతిలో చెబుతూనే ఉన్నారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ కోడ్ తెరిస్తే అది అడుగడుగునా కనబడుతుంది. కెర్నెల్ కోడింగ్ శైలి పత్రం దాన్ని సమర్థిస్తుంది కూడా. ఒక ఫంక్షన్ మెమరీ తీసుకుంటుంది, అదే డేటాను మరొకరు అదే సమయంలో మార్చకుండా లాక్ వేస్తుంది, మధ్యలో ఏదో విఫలమవుతుంది. తీసుకున్నవాటిని తీసుకున్న క్రమానికి తలకిందులుగా విడిచిపెట్టే లేబుళ్లు, అంటే పేరు పెట్టిన చోట్లు, ఫంక్షన్ చివర వరుసగా ఉంటాయి, ఎక్కడ విఫలమైతే అందుకు తగిన లేబుల్‌కు గోటో దూకుతుంది. కొత్తగా వచ్చినవారు దీన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన ఇఫ్ షరతులుగా మారిస్తే ఆ ఒక్క ఫంక్షన్ పాఠ్యపుస్తకానికి దగ్గరగా ఉండవచ్చు. అయితే కెర్నెల్ చదవడం అలవాటైన రివ్యూయర్, అంటే ఇతరుల మార్పులను పరిశీలించేవారి చూపు ముందుగా ఆ చివరి లేబుళ్ల మీదికే పోతుంది, లాక్ విడిచారా లేదా అని అక్కడే చూసుకుంటుంది. అక్కడ ఏమీ కనబడకపోతే ఆయన ఆగి, ఈ ఫంక్షన్‌కు వేరే తీరు ఎందుకు అవసరమైందని వెతకాలి. తేడా ఉన్నచోట కారణం ఉంటుందని చదువరి నమ్ముతాడు. కారణం లేకుండా తెచ్చిన తేడా ఆయన వెతుకులాటను వృథా చేస్తుంది.

2001లో వచ్చిన పైథాన్ శైలి పత్రం పెప్ 8 ఈ సంగతిని గుర్తించింది. తన నియమాలతో పొందిక ముఖ్యమంటూనే, ప్రాజెక్టులోపలి పొందిక అంతకన్నా ముఖ్యమనీ, ఒక మాడ్యూల్‌లోపలి, ఒక ఫంక్షన్‌లోపలి పొందిక అన్నిటికన్నా ముఖ్యమనీ చెబుతుంది. నియమాలు రాసినవారే వాటికి అలా హద్దు గీయడం నాకు ఎంతో నచ్చిన విషయం.

ఇంతమాత్రాన ప్రతి ఆనవాయితీకీ తల వంచమని నేను అనను. విండోస్ ప్రోగ్రామింగ్‌లో, ప్రోగ్రామ్‌కు సందేశంతోపాటు వచ్చే ఒక విలువకు డబ్ల్యూపారమ్ (wParam) అనే పేరు ఉంది. వేరియబుల్ పేరు ముందు దాని రకాన్ని సూచించే అక్షరం చేర్చే పద్ధతిలో పుట్టిన పేరు అది. మొదటి అక్షరం వర్డ్‌కు, అంటే 16 బిట్ల విలువకు గుర్తు. విండోస్ 32 బిట్లకు మారినప్పుడు ఆ విలువ 32 బిట్లయింది, 64 బిట్లకు మారినప్పుడు 64 అయింది. అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాములు వాడుతున్నందున పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. ఆ పేరును నమ్మి విలువను 16 బిట్ల వేరియబుల్‌లో దాచుకున్నవారికి పై బిట్లు పోతాయి. ఆనవాయితీ కంటికి ఇంపుగా లేకపోతే ఓర్చుకోవచ్చు. అది తప్పుడు సమాచారం ఇస్తుంటే, మార్చడం మన చేతిలో ఉన్న కోడ్‌లో మార్చి తీరాలి.

ఈ ప్రాంతం ఇలాంటి వాదాన్ని ఒకసారి చూసింది. గ్రాంథికమా వ్యావహారికమా అన్న వివాదంలో గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్ల పక్షాన మన విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ గారు కూడా నిలబడ్డారు. చదువరికి అందని ఆనవాయితీని మార్చవచ్చని వారు నిరూపించారు. అయితే పాత పుస్తకాలు ఉన్నవి ఉన్నట్టే ఉండగా కొత్తవి కొత్త భాషలో రావడానికి అక్కడ వీలుంది. కోడ్‌లో పాతా కొత్తా ఒకే ఫైలులో పక్కపక్కనే బతకాలి, చదివేవారు రెండింటినీ గుర్తుంచుకోవాలి. అందుకే సగంలో ఆగిన మార్పు, అసలు మార్చకపోవడం కన్నా ఎక్కువ బరువు.

మార్పు ఎలా చేయాలో, ఇంటర్నెట్‌లో పంపే సమాచారాన్ని గుప్తీకరించే కోడ్ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం చూపింది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఆ కోడ్ ఎంత చిందరవందరగా ఉందో లోకం చూసింది. 2015 జనవరిలో ఆ బృందం మొత్తం కోడ్‌ను ఒక పనిముట్టుతో ఒకే శైలిలోకి మార్చింది. దిద్దుబాట్లు కోడ్ ఒక శాఖ (వెర్షన్) నుంచి మరొక శాఖకు తేలికగా చేరేలా, నిర్వహణలో ఉన్న పాత శాఖలకు కూడా అదే చేసింది. ఇలా ఒకేసారి నమోదు చేసే మార్పు (కమిట్) తరువాత ఏ పంక్తిని ఎవరు ఎందుకు రాశారన్న చరిత్ర మరుగున పడుతుందన్న అభ్యంతరం సహేతుకమైనదే. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో, 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్ నుంచి అటువంటి కమిట్లను ఒక ఫైలులో రాసి, ఏ పంక్తి ఎవరిదో చూపే బ్లేమ్ ఆదేశం వాటిని దాటి చూసేలా చేయవచ్చు.

ఖాళీలు, బ్రాకెట్ల తగవును, కోడ్‌ను తనంతట తానే ఒకే శైలిలో సర్దే ఫార్మాటర్‌కు వదిలేయండి. గో భాషలో గోఫమ్ట్ అనే ఫార్మాటర్ ఆ తగవును ఏనాడో తీర్చేసింది. పేర్లు, లోపాలను పట్టుకునే తీరు, ఫంక్షన్ల విభజన మాత్రం మనుషులే తేల్చుకోవాలి. వాటిని మార్చాలనిపిస్తే బగ్ దిద్దే కమిట్‌లో కలపకండి. రెండూ కలిస్తే మూడు పంక్తుల అసలు దిద్దుబాటు మూడు వందల పంక్తుల పేర్ల మార్పులో కనబడకుండా పోతుంది, రివ్యూ చేసేవారు అలసిపోయి సరేనంటారు. ముందు బగ్‌ను పాత తీరులోనే దిద్ది పంపండి. ఆ తరువాత, పాత తీరు చదువరిని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఉదాహరణతో సహా బృందం ముందు పెట్టి, ఏయే ఫైళ్లు మారాలో, చివరి ఫైలు వరకు ఆ పని ఎవరు చూస్తారో అదే ప్రతిపాదనలో రాయండి. ఆ బాధ్యత తీసుకునేవారు దొరకకపోతే, ఆ మార్పు మొదలుపెట్టవద్దు.