క్యుబెక్ విడిపోవాలా? ‘అవును’ గెలిస్తే మర్నాడు ఏం జరుగుతుంది?

యాంకర్: నమస్కారం. 1995 అక్టోబర్ 30న కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ప్రావిన్సు క్యుబెక్‌లో రెండో రెఫరెండం జరిగింది. కెనడాలోనే ఉందామన్నవాళ్లు 50.58 శాతం, విడిపోదామన్నవాళ్లు 49.42 శాతం. తేడా 54,288 ఓట్లు. అధికారంలోకి వస్తే 2030లోగా మూడో రెఫరెండం పెడతామని విడిపోవాలనే పార్టీ కెబెక్వా అంటోంది. ఆ కోరికలో న్యాయం ఉందా? సార్, మీరు మొదలుపెట్టండి.

రాజకీయ విశ్లేషకుడు: ఉంది. 1982లో కెనడా రాజ్యాంగాన్ని బ్రిటన్ చేతిలోంచి తెచ్చుకున్నప్పుడు మిగతా 9 ప్రావిన్సులు ఒప్పుకున్నాయి. క్యుబెక్ ఒప్పుకోలేదు, ఇప్పటికీ సంతకం పెట్టలేదు. అయినా ఆ రాజ్యాంగమే దానికీ వర్తిస్తోంది. దాన్ని సరిచేద్దామని 1987లో మీచ్ లేక్ ఒప్పందం రాసుకున్నారు. 10 శాసనసభలూ మూడేళ్లలో ఆమోదించాలన్నారు. 1990లో మానిటోబా, న్యూఫౌండ్‌లాండ్ ప్రావిన్సుల దగ్గర అది ఆగిపోయింది. అదే పనికి 1992లో తెచ్చిన షార్లట్‌టౌన్ ఒప్పందాన్ని ఓటర్లే తిప్పికొట్టారు. ఇంకెన్నిసార్లు అడగమంటారు?

న్యాయశాస్త్ర అధ్యాపకురాలు: మానిటోబాలో ఎందుకు ఆగిందో కూడా చెప్పాలి కదండీ. సభలో ఏకగ్రీవ సమ్మతి కావలసిన చోట ఎలైజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు ఒప్పుకోలేదు. మమ్మల్ని అడగకుండా రాశారన్నది ఆయన అభ్యంతరం. ఈ ముడి మళ్లీ తగులుతుంది, చూడండి.

యాంకర్: ఈసారి ‘అవును’కి 51 శాతం వచ్చాయనుకుందాం మేడమ్. మర్నాడు పొద్దున కొత్త దేశం ఉంటుందా?

అధ్యాపకురాలు: ఉండదు. చర్చలకు పిలవాలి, అంతే. 1998లో కెనడా సుప్రీంకోర్టు రెండు పక్షాలనూ కట్టేసింది. క్యుబెక్ తనంతట తాను విడిపోయే హక్కు కెనడా రాజ్యాంగంలోనూ లేదు, అంతర్జాతీయ న్యాయంలోనూ లేదంది. కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే, మిగతా కెనడా చర్చలకు కూర్చోక తప్పదంది. స్పష్టమైన మెజారిటీ అంటే ఎంత శాతమో మాత్రం చెప్పలేదు. 2000లో వచ్చిన క్లారిటీ యాక్ట్ ప్రకారం ప్రశ్న బయటికొచ్చాక 30 రోజుల్లో అది స్పష్టంగా ఉందో లేదో రాజధాని ఒట్టావాలోని పార్లమెంటు దిగువసభ హౌస్ ఆఫ్ కామన్స్ తేల్చాలి. ఓటింగయ్యాక మెజారిటీ చాలా, చాలదా అన్నదీ ఆ సభే చూస్తుంది. అందులోనూ అంకె లేదు.

విశ్లేషకుడు: క్యుబెక్ చట్టంలో ఉంది కదా!

అధ్యాపకురాలు: ఉంది. అదే ఏడాది చేసిన 99వ బిల్లులో 50 శాతానికి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలని రాసుకున్నారు. 2021లో క్యుబెక్ అప్పీలు కోర్టు కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది. అంటే ఒకే ఓటింగుకి రెండు తూకపురాళ్లు. 51 శాతం వస్తే ఒకరు గెలిచామంటారు, ఇంకొకరు చాలదంటారు. ఆ చిక్కు దాటినా రాజ్యాంగ సవరణ మిగిలే ఉంటుంది. 10 ప్రావిన్సులూ ఒప్పుకోవాలా, సగం జనాభా ఉన్న 7 ప్రావిన్సులు చాలా అన్నది కోర్టు తేల్చలేదు.

యాంకర్: మన తెలంగాణ ఏర్పాటుతో పోల్చవచ్చా?

అధ్యాపకురాలు: పద్ధతిలో పోలికే లేదు. ఆర్టికల్ 3 కింద పార్లమెంటులో సాధారణ మెజారిటీ సరిపోయింది. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా అది ఆగలేదు. పైగా అక్కడ ఏర్పడింది దేశంలోపల ఇంకో రాష్ట్రం.

ఆర్థికవేత్త: పంపకాల దగ్గర మాత్రం పోలిక కుదురుతుందండీ. విభజన చట్టంలో జనాభా నిష్పత్తి 58.32, 41.68 అని దశాంశాలతో సహా ఉంది. అయినా తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంచాయితీ పదేళ్లయినా తెగలేదు. క్యుబెక్‌కి ఆ అంకె కూడా లేదు. ఫెడరల్ అప్పును జనాభా లెక్కన పంచితే సుమారు 22 శాతం దాని వాటా. ఏ ఆస్తి ఎవరికి పోతుందో చూసి పంచితే వాటా మారిపోతుంది. అసలు మెలిక ఏంటంటే, బాండ్లన్నీ కెనడా పేరు మీదున్నాయి. అప్పిచ్చినవాళ్లు కెనడానే అడుగుతారు. క్యుబెక్ తన వాటాను కెనడాకు కట్టాలి. కట్టనంటే బలవంతపెట్టడం కష్టం. కాకపోతే కొత్త దేశానికి అప్పు పుట్టాల్సింది కూడా అదే మార్కెట్లో.

యాంకర్: ఒట్టావా ఇచ్చే డబ్బు ఆగిపోతే?

ఆర్థికవేత్త: ఆదాయం తక్కువున్న ప్రావిన్సులకు ఒట్టావా ఇచ్చే సమీకరణ చెల్లింపుల కింద క్యుబెక్‌కి 2024-25లో సుమారు 1,330 కోట్ల డాలర్లు వచ్చాయి. అదంతా నష్టమనేవాళ్లు సగం లెక్కే చెబుతున్నారు. క్యుబెక్ ప్రజలు ఒట్టావాకు కట్టే పన్నులు ఇక క్యుబెక్‌కే వస్తాయి. ఆ వరసలోనే సైన్యం, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛన్ల ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టరు. పన్నుల శాఖ సొంతం, పింఛను పథకం సొంతం, దాని నిధిని చూసే కేస్ డి డెపో సంస్థ 1965 నుంచీ ఉంది. నాకు దిగులల్లా కరెన్సీ గురించే. 1995లో కెనడా డాలరే వాడతామన్నారు. వాడకుండా ఎవరూ ఆపలేరు. కానీ వడ్డీరేటు నిర్ణయించేది ఒట్టావాలోని కెనడా కేంద్ర బ్యాంకు, అందులో వీళ్లకు కుర్చీ ఉండదు. బ్యాంకుల మీద జనం ఎగబడితే ఆఖరి అప్పు ఇచ్చేదెవరు? దీనికి జవాబు చెప్పకుండా ఓటు అడగడం నాకు నచ్చదు.

విశ్లేషకుడు: లెక్కలతోనే దేశాలు పుడతాయా? అసలు సంగతి భాష.

అధ్యాపకురాలు: భాషకు విడిపోవాల్సిన పని పడలేదే. 1977 నాటి 101వ బిల్లు, అంటే క్యుబెక్ ఫ్రెంచి భాషా చట్టం వచ్చాక మాంట్రియల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు సైతం ప్రభుత్వ బడి అంటే ఫ్రెంచి బడికే వెళ్లాలి. తల్లిదండ్రుల్లో ఒకరైనా ప్రాథమిక విద్య ఎక్కువ భాగం కెనడాలో ఇంగ్లిష్‌లో చదివుంటే తప్ప మినహాయింపు దొరకడం కష్టం.

విశ్లేషకుడు: ఆ చట్టాన్నే కోర్టులు చెక్కుతూ వచ్చాయి మేడమ్. బోర్డులన్నీ ఫ్రెంచిలోనే ఉండాలన్న నిబంధనను 1988లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కెనడా రాజ్యాంగంలోని హక్కుల పత్రాన్ని పక్కన పెట్టే మినహాయింపు నిబంధన వాడి నిలబెట్టుకోవాల్సి వచ్చింది. అదీ ఐదేళ్లకే, మళ్లీ పొడిగించుకోవాలి.

యాంకర్: చివరిగా, ఇందాకటి ఆదివాసీల ముడి.

అధ్యాపకురాలు: 1995 రెఫరెండానికి ఆరు రోజుల ముందు ఉత్తరాన క్రీ అనే ఆదివాసీ ప్రజలు సొంతంగా ఓటు వేసుకున్నారు. 96 శాతానికి పైగా వద్దన్నారు. అక్కడి మరో ఆదివాసీ జనం ఇన్యుయిట్లూ అదే చెప్పారు. ఆ నేలంతా క్యుబెక్‌లో మొదటినుంచీ లేదు. 1898లో కొంత, 1912లో కొంత ఒట్టావానే కలిపింది. కెనడాను ముక్క చేయొచ్చంటే క్యుబెక్‌నూ చేయొచ్చు కదా అని వాళ్లడుగుతారు.

ఆర్థికవేత్త: క్యుబెక్ ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో క్యుబెక్‌కి చెందిన జేమ్స్ బే ఆనకట్టలు ఉన్నది ఆ నేలలోనే.

విశ్లేషకుడు: అందుకే వాళ్లతో ఒప్పందం రెఫరెండానికి ముందే జరగాలంటాను.

అధ్యాపకురాలు: 1995లో జరగలేదు.